పసుపు కొమ్ము బరువు

మా యజమాని నాకు కప్పిన శాలువా మా ఇంట్లో బీరువాలో ఉంది. అది నాకు రావలసింది కాదు. అసలు మనిషికి ఇచ్చేద్దామని తీసుకెళ్తే, రోజంతా పెనం ముందు నిలబడేవాడికి శాలువా ఎందుకు బావూ, ఉడికిపోతానన్నాడు. తిరిగి తెచ్చి మడత పెట్టాను.

మా చుట్టుపక్కల బెల్లం తయారీవాళ్లలో ఒక కథ ప్రచారంలో ఉంది. ఫలానా ఫ్యాక్టరీ క్వాలిటీ మేనేజరు హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లి, అక్కడి ఉద్దండులకు అంతుబట్టని లోపాన్ని ఒక్క చూపులో పట్టేశాడని. ఆ కథ మొదట చెప్పింది నేనే. అందులో నేను హైదరాబాద్ వెళ్లిన మాట నిజం. మిగతాది ఇక్కడ సరిచేస్తున్నాను.

మా ఫ్యాక్టరీ అనకాపల్లి దగ్గర. మేం చేసేది ద్రవ బెల్లం. చెరకు రసాన్ని దిమ్మ కట్టేదాకా కాచకుండా, తేనెలా జారే పాకం దగ్గర దించి సీసాల్లో నింపుతాం. ఎప్పుడు దించాలన్నదే మొత్తం విద్య. తొందరపడితే పాకం పులిసి మూతలు ఎగిరిపోతాయి. ఆలస్యమైతే సీసా అడుగున పటికబెల్లంలా గడ్డ కడుతుంది. ఆ సమయం చెప్పేది హైడ్రోమీటర్. కింద గాజు బుడ్డి, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు. పాకంలో వదిలితే నిటారుగా తేలుతుంది. పాకం పలచనైతే లోతుగా దిగుతుంది, చిక్కనైతే పైకి లేస్తుంది. పాకం ఏ గీత దగ్గర ఆగితే అది బ్రిక్స్, అంటే నూటికి తీపి ఎన్ని పాళ్లో చెప్పే అంకె. మాకు డెబ్బై రెండు రావాలి.

నాకు రోజూ డెబ్బై రెండే వస్తోంది. అయినా సీసాలు గడ్డ కట్టి తిరిగి వస్తున్నాయి. కొన్న కంపెనీవాళ్లు తమ ల్యాబులో చూస్తే డెబ్బై ఆరు ఉందట. నేను ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నేను గీత చూసి దించమన్న తర్వాత కూడా పాకం మేస్త్రి అప్పలరాజు పెనాన్ని కాసేపు మంట మీదే ఉంచుతున్నాడు. అదే యజమానికి చెప్పాను.

అప్పలరాజు ఇరవై ఏళ్లకు పైగా ఆ పెనం దగ్గర ఉన్న మనిషి. గొంతు పెద్దది, అభిమానం ఇంకా పెద్దది. "నాను దించమన్నకాడే దించేను. అబద్దమాడేది ఆయన గాజుగొట్టం" అని పదిమందిలో అరిచాడు. యజమాని ఇద్దరినీ పిలిచి, హైదరాబాద్ పోయి ఆ గొట్టాన్ని తెలిసినవాళ్లకు చూపించి, కొత్త సాధనం ఏది మంచిదో తెలుసుకుని తెమ్మన్నాడు. గొట్టం తప్పయితే నాదే పూచీ. గొట్టం ఒప్పయితే మేస్త్రి ఇంక పనిలోకి రానక్కరలేదు.

నాకు దిగులేం లేదు. ఆ గొట్టాన్ని నేను కంటికి రెప్పలా చూసుకుంటాను. ఆయుధ పూజ నాడు దానికి బొట్టు పెడితే పాకంలో కరిగిపోతోందని, ఈసారి కాడ చివర పసుపు దారంతో చిన్న పసుపు కొమ్ము కట్టాను, ఏడాదంతా ఉండేట్టు. నా చేత్తోనే.

చీమలతో ప్రయాణం

పరీక్షకు మా పాకమే కావాలి కాబట్టి మూడు లీటర్ల స్టీలు పాలక్యానులో పోసుకుని బయలుదేరాం. మూతకు గుడ్డ చుట్టి బిగించింది నేను. తుని దాటకముందే చీమలు మమ్మల్ని కనుక్కున్నాయి.

ఎదుటి బెర్తు ఆవిడ మొదట కుచ్చిళ్లు దులుపుకుంది. తర్వాత కాళ్లు పైకి పెట్టుకుంది. చివరికి ఇదేం కర్మ అన్నట్టు మావైపు చూసింది. అప్పలరాజు మర్యాదగా ముందుకు వంగి, "భయపడకండమ్మా, ఇయ్యి మా ఊరి సీమలే. తీపి దగ్గరికే ఎల్తాయి, మనుసుల్ని కరవవు" అన్నాడు. ఆవిడ టీటీని వెతుక్కుంటూ వెళ్లి వేరే పెట్టెలోకి మారింది. ఖాళీ అయిన బెర్తు మీద అప్పలరాజు కాళ్లు చాపుకుని పడుకున్నాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. నామీద ఏదైనా అనాల్సి వస్తే చీమలతో అన్నాడు.

అఫ్జల్‌గంజ్

ఇలాంటి సాధనాలు విశాఖపట్నంలో దొరకవా అని చదివేవాళ్లు అడగవచ్చు. దొరుకుతాయి. కానీ మా యజమాని తండ్రిగారి కాలం నుంచి మా గాజు సామానంతా అఫ్జల్‌గంజ్‌లో గఫార్ సాబ్ దుకాణం నుంచే వస్తోంది. అలవాటు మార్చుకోవడం మా ఫ్యాక్టరీలో పెనం మార్చడం కంటే కష్టం.

దుకాణం తెరిచేదాకా ఒక హోటల్లో కూర్చున్నాం. మావైపు టీ అంటే చిన్న గాజు గ్లాసు, పైన నురగ, నిలబడి తాగడం. ఇక్కడ కప్పూ సాసరూ ఇచ్చి కూర్చోబెడతారు, లెమ్మని ఎవరూ అనరు. ఒక టీకి మా ఊళ్లో రెండు టీల ధర. పక్క బల్ల మీది పెద్దమనిషి అదే కప్పుతో రెండు దినపత్రికలు పూర్తి చేశాడు కాబట్టి ఆ ధరలో కుర్చీ అద్దె కూడా ఉందని సరిపెట్టుకున్నాను. అప్పలరాజు ఒక గుక్క తాగి, నాలుక చప్పరించి, "పన్నెండు బ్రిక్సు" అని ప్రకటించాడు. నాలుకతో బ్రిక్స్ తేలదన్నాను. సరే, దుకాణంలో కొలిపిద్దామన్నాడు. పార్శిల్ టీ ఒకటి కట్టించుకున్నాం.

గఫార్ సాబ్ డెబ్బై దాటిన మనిషి. తెల్ల టోపీ, ముక్కు చివర కళ్లద్దాలు, మృదువైన గొంతు. దుకాణం గోడలన్నీ గాజే: పాలు కొలిచేవి, సారావి, బ్యాటరీ నీళ్లవి, షర్బత్తువి. వచ్చిన పని చెప్పకముందే మంచినీళ్లు, చెప్పాక మళ్లీ టీ. మా చేతిలోని పార్శిల్ టీ సంగతి విని ఆయన నవ్వలేదు. గంభీరంగా ఒక చిన్న యంత్రం తీశాడు. దాన్ని రిఫ్రాక్టోమీటర్ అంటారు. ఒక్క చుక్క దాని అద్దం మీద వేస్తే, ఆ చుక్కలో వెలుగు ఎంత వంగిందో చూసి తీపి చెబుతుంది. టీ చుక్క వేసి, చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పాలున్నయి సాబ్. పాలల్ల ఇది చెప్పేది నమ్మరాదు. ఒక్కో సామానుకు ఒక్కోటి కనబడదు" అన్నాడు.

కాదనలేదు కాబట్టి పన్నెండే అని అప్పలరాజు గెలుపు రాసేసుకున్నాడు.

మా యజమాని పైపుకు బిగించే యంత్రం కావాలన్నాడని చెప్పాను. పాకం లోపల పారుతుంటే గొట్టం వణికే తీరును బట్టి దానంతట అదే అంకె చూపిస్తుంది, గాజు లేదు, పగలడం లేదు. గఫార్ సాబ్ ధర చెప్పాడు. ఆ ధరకు మావైపు పెరటితో సహా పెంకుటిల్లు వస్తుంది.

"మీ తాన పైపు ఉన్నదా?" అని అడిగాడు.

లేదు, పెనం ఉందన్నాను.

"మరి పెనానికి చేతి గడియారం కట్టినట్లయితది గదా సాబ్."

అప్పుడు ఆయన నన్ను వరసగా అడిగాడు. పాకం రంగేమిటి? నలకలుంటాయా? వేడిగా చూస్తారా, చల్లార్చి చూస్తారా? రోజుకు ఎన్నిసార్లు? చివరగా, వాడాక కడిగేది ఎవరు? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదేనట. ఎంత ఖరీదైన సాధనమైనా కడిగే చెయ్యి ఎంత మంచిదో అంతే మంచిదవుతుందన్నాడు. కడిగేది నేనేనని కొంచెం గర్వంగా చెప్పి, తువ్వాల్లోంచి మా గొట్టాన్ని తీసి బల్ల మీద పెట్టాను.

గఫార్ సాబ్ దాన్ని చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు.

"దీన్ని రోజు గిట్లనే ముంచుతరా సాబ్?"

ఇలాగేనన్నాను.

"ఒక్కపారి వేడినీళ్లతోని మంచిగ కడిగి చూద్దమా? పైనించి కిందిదాక?"

పొద్దున లాడ్జిలో కడిగే తెచ్చానన్నాను. ఆయన ఏదో అనబోయి, టీ తాగాడు.

పొడవాటి గాజు పాత్రలో మా పాకం పోశాం. నీళ్లలో అయితే గొట్టం చటుక్కున నిలబడుతుంది, మా పాకంలో దిగి స్థిమితపడడానికి ఒక టీ తాగేంత సేపు పడుతుంది. పాత గొట్టం డెబ్బై రెండు దగ్గర ఆగింది. గఫార్ సాబ్ పెట్టెలోంచి కొత్తది తీసి, అదే పాకంలో వదిలాడు. డెబ్బై ఆరు.

అప్పలరాజు నావైపు తిరిగాడు. బయలుదేరినప్పటి నుంచి నా మొహం నేరుగా చూడడం అదే మొదటిసారి. నేను గఫార్ సాబ్ వైపు తిరిగి, మీ కొత్త సరుకులో తేడా ఉందన్నాను. రెండు తరాలుగా నమ్మి కొంటున్న దుకాణంలో, ఆయన పోయించిన టీ తాగుతూ, ఆ మాట అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కనబడనివ్వలేదు.

"నేను అమ్మేటోణ్ణి సాబ్. నా మాట మీద ఫైసలా వద్దు. హుస్సేనీ ఆలంల మొయిన్ అని షర్బత్తు చేసేటోడున్నడు. కొత్తది పట్టుకపోయి ఆడ చూసుకోండ్రి. తప్పయితే వాపస్ తీసుకుంట."

కొత్త గొట్టం ధర మా ఇద్దరి రెండు పూటల భోజనం కంటే ఎక్కువేం లేదు. కొన్నాను. బయటికి రాగానే పూజా సామాను కొట్టు కనబడింది. కొత్త స్కూటరు కొంటే నిమ్మకాయలు తొక్కించకుండా నడపం కదా. పసుపు దారం, ఒక కొమ్ము తీసుకుని, పాతదానికి ఎంత ముక్క ఉందో అంతే విరిచి, కొత్తదాని కాడకు కట్టాను. గొట్టం జారిపోకుండా అప్పలరాజు రెండు చేతులా పట్టుకున్నాడు.

"గట్టిగా కట్టండి బావూ. నా ఉజ్జోగం దీనిమీదే ఉంది" అన్నాడు.

గట్టిగానే కట్టాను.

హుస్సేనీ ఆలంలో పులగం

మొయిన్ భాయ్ కార్ఖానా ఒక పాత ఇంటి నడి వాకిట్లో ఉంది. సందులో అడుగు పెట్టగానే గులాబీ వాసన. ఆ సందులో దారి అడగక్కరలేదు, ముక్కు ఉంటే చాలు. మొయిన్ భాయ్ నలభై ఏళ్ల మనిషి, ఎర్రటి షర్బత్తు చేతులకు అంటి, ఎవరితోనో గొడవపడి వచ్చినవాడిలా ఉన్నాడు. గఫార్ సాబ్ ముందే ఫోన్ చేశాడట. పని తర్వాత, ముందు తినమన్నాడు.

పెట్టింది ఖిచ్డీ. మా ఇళ్లలో జ్వరం వచ్చి లేచినవాళ్లకు ఇలాంటిది పెడతారు, మెతగ్గా, చప్పగా. ఇక్కడ అది పలుకు పలుకుగా, పసుపు రంగులో, నేతితో మెరుస్తూ వచ్చింది. పక్కన నువ్వులూ చింతపండూ కలిపిన పల్చటి పులుసు, దాన్ని ఖట్టా అంటారు. ఇంకో గిన్నెలో ఖీమా. అప్పలరాజు రెండు ముద్దలు తిని, "ఇది మన పులగమే బావూ, కాపోతే పెళ్లి బట్టలేసుకుంది" అన్నాడు. కోపం మరిచి నాతో సరదాగా మాట్లాడాడు. కొత్త గొట్టం తనవైపే ఉందన్న ధీమా.

తింటూండగానే మొయిన్ భాయ్ పాత్రలో పాకం పోసి రెండు గొట్టాలూ వదిలాడు. పాతది డెబ్బై రెండు. కొత్తది నెమ్మదిగా దిగి, దిగి, డెబ్బై మూడు దగ్గర ఆగింది.

నేను బల్ల మీద చరిచాను. చూశారా, ఇప్పుడు రెండూ ఒకటే అంటున్నాయి! మొయిన్ భాయ్ తన రిఫ్రాక్టోమీటర్ తెచ్చి మా పాకం చుక్క వేశాడు. అది డెబ్బై ఆరు చూపించింది. రెండు ఓట్లు ఇటు, ఒకటి అటు అన్నాను.

"ఇది ఎలక్షన్ కాదు భాయ్" అన్నాడాయన. మంచినీళ్ల చుక్క వేసి సున్నా చూపించాడు, అంటే యంత్రం సరిగ్గానే ఉంది. మా పాకం నలుపు, మీది ఎరుపు, మీ యంత్రానికి మా రంగు అలవాటు లేదని వాదించాను. నా మాటల్లో శాస్త్రం అంతకంతకూ తగ్గుతోందని, గొంతు అంతకంతకూ పెరుగుతోందని ఇప్పుడు తెలుస్తోంది. మొయిన్ భాయ్ మా గొట్టాల వైపు ఒకసారి వేలు చూపించి, ఎందుకో ఆ వేలుతో చెవి గోక్కుని ఊరుకున్నాడు.

అప్పలరాజు చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఇందాకల డెబ్బయ్యారు సూపింది గదా బావూ. ఇంతలోనే ఏటైపోనాది దానికి?"

ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారిందా అని నేనూ పాత్రవైపు చూశాను. రెండు గొట్టాలూ పక్కపక్కన, మెడలో పసుపు కొమ్ములతో, పీటల మీది పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. తేలే వస్తువుకు బరువు కడితే మునుగుతుంది. ఇది నేను హైస్కూల్లో చదివాను, డిగ్రీలో చదివాను, ఫ్యాక్టరీలో చేరిన కుర్రాళ్లకు స్వయంగా చెప్పాను. ఆ సన్నటి కాడకు కొమ్ముముక్క చాలు, నాలుగు గీతలు దించడానికి. నేను డెబ్బై రెండని దించమన్నప్పుడల్లా పెనంలో ఉన్నది డెబ్బై ఆరు. అప్పలరాజు దించమన్నచోటే దించాడు.

ఆ మాట అప్పుడే అనాలి. నేనన్నది ఇది: "ఊరు మారింది కదా మేస్త్రీ. గాలిలో తేమ."

అప్పలరాజు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

మొయిన్ భాయ్ లేచి చేతులు కడుక్కున్నాడు. కొలతల లొల్లి వద్దు, తూకం వేయించుకోండి అన్నాడు. ఒక లీటరు పాకం ఎంత బరువుందో చూస్తే ఏ గొట్టమూ అక్కరలేదు. నీళ్లు లీటరు కిలో తూగుతాయి. డెబ్బై రెండు పాకమైతే కిలో మూడు వందల అరవై దగ్గర, డెబ్బై ఆరైతే మరో పాతిక గ్రాములు ఎక్కువ. తనకు పాలు పోసే యాదమ్మ కార్వాన్‌లో ఉంటుందని, ఆమె దగ్గర ముద్ర వేసిన లీటరు కొలపాత్ర, మంచి తూకం ఉన్నాయని చెప్పాడు.

పురానాపూల్ మీద

ఆటోలో క్యాను మూత మళ్లీ వదులైంది. మలుపు తిరిగినప్పుడు కొంత పాకం నా ప్యాంటు మీద ఒలికింది. డ్రైవర్ అద్దంలో చూసి, సీటుకు అంటితే కడిగిన ఖర్చు వేరే అన్నాడు. పురానాపూల్ మీద బండ్లు ఆగిపోయాయి. నేను ఒక మోకాలు సీటుకు తగలకుండా పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. చెప్పేయడానికి అంతకంటే తీరిక దొరకదు.

అప్పలరాజే ముందు మాట్లాడాడు. తన బావమరిదికి గానుగ ఉందని, అక్కడ అచ్చు బెల్లం వండుకుంటూ బతికేస్తానని అన్నాడు. ఆ అనడంలో అరుపు లేదు, అదే కష్టంగా ఉంది.

"పనిపోతే పోనీండి. దించమన్నకాడ దించేనని మీరొక్కరు నమ్మితే సాలు బావూ."

"చూద్దాం" అన్నాను.

ఈ యాత్రలో నేను చాలా తెలివితక్కువ మాటలు అన్నాను. నీచమైనది మాత్రం ఇదొక్కటే.

కార్వాన్ తూకం

యాదమ్మ ఇల్లు రోడ్డు మీదికి మామూలు డాబా ఇల్లే. వెనక్కి పోతే డజను గేదెలు. మేం గేదెలంటే ఆమె బర్రెలంది, మేం మజ్జిగంటే ఆమె సల్లంది, ఇద్దరం ఒకే గ్లాసు పట్టుకున్నాం. ఏబై ఏళ్ల మనిషి, చేతికి వెండి కడియాలు, నోటికి అడ్డం లేదు. నా ప్యాంటు చూడగానే, "ఏందన్నా, పాకంల పడ్డవా?" అంది. నా మోకాలి మీద అప్పటికే ఈగలు.

చల్లని మజ్జిగలో అల్లం, కొత్తిమీర. అప్పలరాజు తాగలేదు. పక్కన పెట్టాడు.

యాదమ్మ ముందు కొలపాత్రలో మంచినీళ్లు పోసి తూచింది. నిండా కిలో. తుడిచి, ఆరబెట్టి, మా పాకం పోసింది. బుడగలు పోయేదాకా పాత్రను అరచేత్తో తట్టింది, అంచు మీద పొంగినదాన్ని బద్దతో చదును చేసింది. తూకం మీద పెట్టింది. పాత్ర బరువు పోను కిలో మూడు వందల ఎనబై అయిదు.

"మస్తు చిక్కగున్నది నీ పాకం" అంది.

అప్పలరాజుకు ఆ అంకె అర్థం కాలేదు. గొట్టాలు తప్పు, తూకం ఒప్పు అని తేలడానికీ, తను ఒప్పు అని తేలడానికీ మధ్య ఇంకా ఒక మాట ఉంది. ఆ మాట నా దగ్గర ఉంది. నేను ఫోన్లో పట్టిక వెతుకుతున్నట్టు నటిస్తున్నాను.

యాదమ్మ పాత గొట్టాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"గీ తాయెత్తు ఎవలు కట్టిండ్రు?"

ఫ్యాక్టరీలో పూజ జరిగిందన్నాను.

"పూజ గాదన్నా, ఎవలు కట్టిండ్రని అడుగుతున్న."

నేను అప్పలరాజు వైపు చూశాను. ఎందుకు చూశానో నాకు తెలుసు కాబట్టి సిగ్గుగా ఉంది. అతను నన్ను చూశాడు, గొట్టాన్ని చూశాడు, కొత్తదాని మెడలో తను పట్టుకుంటే నేను కట్టిన కొమ్మును చూశాడు. ఆ మొహంలో ఒక్కో సంగతి వచ్చి కూర్చోవడం కనబడింది.

"అందరం కట్టేం అమ్మా. పండగ గదా" అన్నాడు.

యాదమ్మ నవ్వింది. వాళ్ల ఇంట్లోనూ ఇదే జరిగిందట. పాలకు దిష్టి తగులుతుందని అత్తగారు లాక్టోమీటర్‌కు ఎర్రదారం, నల్లపూస కట్టింది. అది మునిగి మునిగి పాలు పలచన అని చూపించింది. చిక్కటి పాలు పోస్తున్నా నీళ్లు కలుపుతున్నారని వాడకట్టంతా ఇంటి మీదికి వచ్చింది. "మా అత్తకు చెప్పేటందుకు భయమై, రాత్రికి దారం నేనే తెంపి పొయ్యిల ఏసిన. పొద్దుగాల పాలు మంచిగైనయ్. నా చేయి మంచిదన్నది ముసల్ది, సచ్చేదాక" అని చెప్పి, పాత గొట్టం మెడలో దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికి తీసింది.

గొట్టాన్ని పాకంలో వదిలింది. అది ముందు మునిగి, తర్వాత మెల్లగా లేవడం మొదలుపెట్టింది. డెబ్బై రెండు దాటింది. ఒక గేదె మాటిమాటికీ తోకతో నా వీపు మీద కొడుతోంది, నేను కదలలేదు. డెబ్బై నాలుగు. డెబ్బై ఆరు దగ్గర ఆగింది.

అప్పలరాజు పక్కన పెట్టిన మజ్జిగ ఎత్తి గుటగుటా తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. పాకం పీల్చి గట్టిపడి గోధుమరంగుకు తిరిగిన ఆ దారాన్ని కొమ్ముతో సహా ఏరుకుని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

మళ్లీ అఫ్జల్‌గంజ్

కొత్తదాని దారం కూడా తెంపేసి, గఫార్ సాబ్‌కు క్షమాపణ చెప్పుకోవాలని తిరిగి వెళ్లాం. మేం లోపలికి రాగానే ఆయన మా చేతిలో గొట్టాల మెడలు చూసి, బోసిగా ఉండడం గమనించి, పెద్దగా ఊపిరి వదిలాడు.

మీకు ముందే తెలుసా అని అడిగాను.

"పొద్దున బల్ల మీద పెట్టంగనే కనబడ్డది. మీ పూజది సాబ్. తీసేయమని నేనెట్ల చెప్పాలె? మీ మనసుకు తక్లీఫ్ అయితది. మొయిన్‌కు ఫోన్ చేసి, నువ్వన్న చెప్పరా అన్న. వానికి గూడ నోరు రాలే. యాదమ్మ తానకు పంపిండు." మా గొట్టాలు అందుకుంటూ అన్నాడు, "ఆమెకు మొహమాటం లేదు."

ఒక పసుపు కొమ్మును తీయమనలేక ఇద్దరు మనుషులు మమ్మల్ని సగం పాతబస్తీ తిప్పారన్నమాట. నామీద జాలితో కాదు, నా భక్తి మీద గౌరవంతో. ఆ గౌరవానికి నేను పొద్దున ఇచ్చిన బదులు, మీ సరుకులో తేడా ఉందని.

ఆయన సలహా మీద కొత్త హైడ్రోమీటర్ ఉంచుకుని, దానికి తోడు చేత పట్టే చిన్న రిఫ్రాక్టోమీటర్ కొన్నాం. ఒకే రకానివి రెండు కొంటే రెండూ ఒకే అబద్ధం ఆడవచ్చునట. ఒకటి తేలేది, ఒకటి వెలుగు చూసేది ఉంటే, ఒకదాని తప్పు ఇంకొకటి చెబుతుంది. డబ్బు తీసుకుంటూ, మొయిన్ ఫోన్‌లో చెప్పిన నా ఎలక్షన్ సంగతి గుర్తొచ్చి ఆయన చిన్నగా నవ్వుకున్నాడు.

ఇంటి దగ్గర

యజమాని గదిలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టినప్పుడు నిజమే చెబుదామనుకున్నాను. పూజలో ఎవరో దారం కట్టారు, అన్నాను. ఆ "ఎవరో" దగ్గర కథ జారింది. తర్వాతి వాక్యంలో పాతబస్తీలో ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాతి వాక్యంలో నాకు తట్టింది. గఫార్ సాబ్ అమాయకుడైపోయాడు, యాదమ్మ మజ్జిగ మాత్రమే ఇచ్చింది. యజమాని శాలువా తెప్పించాడు. అప్పలరాజు తలుపు దగ్గర నిలబడి అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. అతని ఉద్యోగం నిలబడింది కదా, ఇంక ఎవరికి నష్టం అని నాకు నేను చెప్పుకున్నాను. పాకం డెబ్బై రెండుకు వచ్చింది. సీసాలు తిరిగి రావడం ఆగింది.

మళ్లీ దసరా వచ్చింది. ఆయుధ పూజకు పెనం, బాయిలర్, తూకం, అన్నీ కడిగి వరసగా పెట్టారు. ఈసారి పళ్లెం అప్పలరాజు పట్టుకున్నాడు. హైడ్రోమీటర్ దగ్గరికి వచ్చి, గాజును ముట్టుకోకుండా, దాని చెక్కపెట్టెకు గంధం పూసి బొట్టు పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత నా ముందుకు వచ్చాడు.

"సెయ్యి ఇలా ఇవ్వండి బావూ."

జేబులోంచి కాగితం తీశాడు. కార్వాన్‌లో ఏరుకున్న ఆ దారం. పాకానికి బిరుసెక్కి తీగలా ఉంది, కొమ్ము ఎండి ముడుచుకుపోయింది. దాన్ని నా మణికట్టుకు చుట్టి, రెండు ముళ్లు వేశాడు. గట్టిగా కట్టాడు.

"ఇక్కడైతే ఎంత బరువైనా పరవానేదు. మీరు మునగరు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఏదో వేళాకోళమనుకుని నవ్వారు. అతను నవ్వలేదు, అలాగని కోపంగానూ లేడు. హారతి పళ్లెం తీసుకుని బాయిలర్ వైపు వెళ్లిపోయాడు.

పూజలో కట్టింది కాబట్టి తీసేయలేను. భోజనాల వేళకు చీమలు నన్ను కనుక్కున్నాయి. ఒకటి, రెండు, తర్వాత ఒక వరస, బల్ల కాలి మీదుగా నా మోచేతి దాకా. నేను దులుపుకుంటూ ఉంటే పక్కన కూర్చున్న యజమాని వంగి చూశాడు.

"ఏమిటయ్యా అది, చేతికి?" అన్నాడు.

విస్తరి ముందుకు తోసి, చెప్పడం మొదలుపెట్టాను.